మూతల కింద గొంతు

మా ఆయన చేపల మార్కెట్లో పాట పాడేవాడు. పాటంటే వేలం పాట. కొల్లేటి వైపు చెరువుల నుంచి లారీలు, బందరు వైపు నుంచి సముద్రపు సరుకు వ్యాన్లు తెల్లారేసరికి బెజవాడ చేరేవి. ఐసు నీళ్లు కారే ట్రేలను నేల మీద వరసగా పరిచేవాళ్లు. ఆయన చెక్క స్టూలెక్కి, ఒక్కో ట్రేకీ ధర మొదలెట్టి, చేతులు లేచే కొద్దీ పెంచుకుంటూ పోయేవాడు. ఇక ఎవరూ పెంచకపోతే "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని తెంపేసేవాడు. కొట్టు ఓనరుది, సరుకు రైతుది, కొనేది మాలాంటి వాళ్లం. ఆయనదంటూ అక్కడ ఉన్నవి ఆ స్టూలు మీద చోటు, గొంతు. అంతే.

ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. ఐసు పగలగొట్టే చప్పుడు, ఆటోల హారన్లు, హమాలీల అరుపులు, అన్నిటినీ దాటుకుని పోయి గేటు బయట టీ తాగేవాణ్ణి కూడా లోపలికి లాక్కొచ్చేది. వెనకాడేవాళ్లని ఊరికే వదిలేవాడు కాదు. "చెయ్యెత్తు బావా, చంకలో చేపేమన్నా దాచావా?" అనేవాడు. శీలావతి చేపల ట్రే వస్తే, "శీలావతి నిన్ను చూసి సిగ్గుపడుతోంది, ఇంకో పది వేస్తే తలెత్తుద్ది" అనేవాడు. జనం నవ్వేవాళ్లు. నవ్వుతూనే చెయ్యెత్తేవాళ్లు. ఓనరుకి కావలసింది అదే.

నేనూ ఆ పాటలోనే కొనేదాన్ని. సత్తు బేసిన్లో చేపలేసుకుని పటమట వీధుల్లో తిరిగి అమ్మడం నా పని. పాడేది మొగుడే కాబట్టి నాకు చవగ్గా వస్తుందని చాలామంది అనుకునేవాళ్లు. నిజానికి స్టూలెక్కాక ఆయన నా మొహం వైపు చూసేవాడే కాదు. నా చెయ్యి లేస్తే "ఆ పక్క యాభై" అనేవాడు, నేనెవరో ఎరగనట్టు. అందరితో ఆడే ఎకసెక్కం నాతో ఒక్కరోజు కూడా ఆడలేదు. ఇంటికొచ్చాక నేను దెప్పితే, "అక్కడ నువ్వు నా పెళ్లానివి కాదు, పాటదారువి" అనేవాడు. ఒళ్లు మండేది. కానీ ఆ పద్ధతి వల్లే మేమిద్దరం ఆ మార్కెట్లో ఎవరికీ తలవంచకుండా తిరిగాం.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మా చర్చి హాల్లో మధ్యాహ్నం పూట పాస్టరమ్మగారు ఆడవాళ్లకి చదువు చెప్పేవారు. బేరం అయిపోయాక చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వెళ్లేదాన్ని. అయినా నా పలకకి చేపల వాసన పట్టేసేది. మా ఆయన చిన్నప్పుడు అయిదో తరగతి దాకా చదివాడు. ఆ మాత్రానికే నన్ను "కలెక్టరమ్మా" అని పిలిచి, బియ్యం సంచి మీదా, బస్సు మీదా ఏముందో చదవమని వేధించేవాడు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కునేలోపు బస్సు వెళ్లిపోయేది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఆ నవ్వే ముందు బొంగురుపోయింది. చుట్ట వల్ల అనుకున్నాం, అరుపుల వల్ల అనుకున్నాం. మిరియాల పాలు, అల్లం రసం అయ్యాక పెద్దాసుపత్రికి పోయాం. ప్రాణం దక్కాలంటే గొంతులో మాట పుట్టే చోటు మొత్తం తీసెయ్యాలన్నారు. ఇక మెడకి పెట్టిన కన్నంలోంచే ఊపిరి. మాట ఉండదు. మెడకి ఆనించుకుని మాట్లాడే చిన్న యంత్రం ఒకటి చూపించారు. దానిలోంచి వచ్చే మాట సీసాలో పడ్డ తుమ్మెద రొద లాగుంది. నాలుగు గోడల మధ్య అయితే అర్థమవుతుంది. ట్రేల ముందు అది ఎవడికి వినపడుతుంది?

ఓనరు చూడ్డానికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. "నువ్వేం దిగులు పెట్టుకోకు. స్టూలు మీద ఎవర్నో ఒకర్ని నిలబెడతాలే" అన్నాడు. మంచిగానే అన్నాడు. ఆయన వెళ్లాక మా ఆయన బత్తాయిల సంచి గోడకేసి కొట్టాడు. ఆపరేషన్‌కి భయపడలేదు గానీ ఆ మాటకి భయపడ్డాడు. "ఆ స్టూలు దిగితే ఇంక నేనెవణ్ణే?" అని అరిగిపోయిన గొంతుతో అడిగాడు. నేను వంగి బత్తాయిలు ఏరాను.

మా మేడ మీద గదిలో ఉండే అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం చదివేది. కాలేజీలో ఏదో ఒక వస్తువు తయారు చేసి చూపించాలిట. ఆ అమ్మాయే ఒకరోజు మెట్ల మీద కూచుని అంది. "అంకుల్, ఆపరేషన్‌కి ముందే మీ గొంతు రికార్డు చేసేద్దాం. పాటలో మీరనే మాటలన్నీ. చిన్న పెట్టెలో పెడతాను. మీటలు నొక్కితే మీ గొంతే పలుకుతుంది."

మా ఆయన కింది మెట్టు మీద కూచున్నాడు. "నా గొంతేనా?"

"మీదే. ఎవరో రోబో గొంతు కాదు."

రికార్డుకి ఫ్యాను ఆపాం, కిటికీలు మూశాం. తీరా ఫోను ముందు పెడితే ఆయనకి పాట రాలేదు. బడిలో పాఠం అప్పజెప్పే కుర్రాడి లాగా "పది... ఇరవై..." అన్నాడు. నాకు తోచి, కడిగి ఆరబెట్టిన ఖాళీ ట్రే తెచ్చి ముందు పెట్టాను. స్టూలెక్కమన్నాను. ట్రే చూశాక గొంతు లేచింది. వందలు, వేలు విడివిడిగా, పెంపులు విడివిడిగా, ఒకటోసారి నుంచి మూడోసారి దాకా, ఎకసెక్కాలతో సహా పాడాడు. చివర్లో దగ్గు తెరలొచ్చి కూలబడ్డాడు. పక్కింటావిడ తలుపు కొట్టి, "చేపలు ఇంట్లోనే అమ్ముతున్నారా వదినా?" అంది.

ఆపరేషన్ అయింది. మనిషి బతికాడు. మెడకి గుడ్డ కట్టుకుని ఇంట్లో కూచున్నాడు. నా పలక ఆయన చేతికి వెళ్లింది.

అసలు కష్టం మీటల దగ్గర మొదలైంది. లోపలి పని, అంటే గొంతు ఉన్న చిన్న కార్డు, లెక్క చేసే బోర్డు, ఆ అమ్మాయి వారంలో చేసేసింది. "తయారుగా దొరికే మీటల పలక కొనొచ్చు ఆంటీ. కానీ అవి ఏటీఎంలో మీటల్లా ఉంటాయి. అంకుల్‌కి ఎన్ని కావాలో, ఎక్కడెక్కడ కావాలో మనకే తెలీదు. తెలీకుండా కొంటే దండగ. ముందు అట్టతో చేసి చూద్దాం, తప్పయితే పారేద్దాం" అంది.

మొదటిది శుభలేఖ అట్టతో చేసింది. రెండు అట్టల లోపలి వైపు చపాతీలు చుట్టే వెండి కాగితం ముక్కలు అంటించింది. మధ్యలో రూపాయి బిళ్లంత కన్నాలు చేసిన ఫైలు అట్ట పెట్టింది. పైన నొక్కితే కన్నంలోంచి కాగితానికి కాగితం తగులుతుంది, పెట్టె పలుకుతుంది. ఫోను మీద ఉన్నట్టే ఒకటి నుంచి తొమ్మిది దాకా, కింద సున్నా. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మా ఆయన ఒకసారి నొక్కి, అట్ట పక్కన పడేశాడు. పలక తీసుకుని రాశాడు. నేను పైకి చదివాను. "పాట అంకెల్లో ఉండదు. పెంపులో ఉంటుంది."

ఆ పిల్లకి అర్థం కాలేదు. ఆయన బొగ్గు ముక్క తీసుకుని అరుగు మీదే గీశాడు. కింద వరసలో నాలుగు వేళ్లకి నాలుగు గుండ్రాలు. పది, ఇరవై, యాభై, వంద. బొటనవేలికి తెంపే మీట. ఒకసారి నొక్కితే ఒకటోసారి, రెండోసారి నొక్కితే రెండోసారి, మూడోసారికి సరుకు తెగిపోవాలి. పైన మొదటి ధర పెట్టే మీట, పొరపాటయితే వెనక్కి పోయే మీట. ఎకసెక్కాలకి రెండు. చెయ్యి లేచింది కళ్లు చూస్తాయి, వేలు పెంపు నొక్కుతుంది, కూడిక పెట్టె చేసుకుని మొత్తం ధర చెప్తుంది. ఎదుటివాడి చెయ్యి దిగేలోపు ధర వినపడాలి. అలా కాక అంకెలు వెతుక్కుంటూ కూచుంటే ఈలోపు ఐసు కరుగుతుంది, కొనేవాడికి ఆలోచన పుడుతుంది. ఆలోచన పుడితే చెయ్యి లేవదు.

ఆ లెక్కన ఇంకో అట్ట చేసుకున్నాం. ఇంట్లో బాగా పనిచేసింది. నేను బేసిన్లో ఐసు నీళ్లు తెచ్చి ఆయన చేతులు ముంచి నొక్కించాను. నాలుగు ట్రేల పాట అయ్యేసరికి అట్ట ఉబ్బి పొరలుగా ఊడొచ్చింది.

అట్ట వదిలేసి పాత టీవీ రిమోట్లు తెచ్చాం, పాత సామాన్ల కొట్లో ఏరుకుని. వాటి లోపల రబ్బరు మెత్త ఉంటుంది, ఒక్కో మీట కింద నల్లటి చుక్క. ఆ చుక్కే కరెంటుని కలుపుతుంది. రబ్బరు కాబట్టి తడికి ఓర్చుకుంటుంది అనుకున్నాం. మా ఆయన వేళ్లు తెలుసు కదా, ముల్లు గుచ్చుకుని గుచ్చుకుని ఉబ్బిన వేళ్లు. ఒక వేలు వేస్తే రెండు మీటలు పడేవి. పైగా రబ్బరు అంచుల్లోంచి ఉప్పునీరు లోపలికి దిగింది. ఎవరూ తాకకుండానే పెట్టె "వంద, వంద, వంద" అని అరవడం మొదలెట్టింది. ఎదురుగా ట్రే లేదు, పాటదారు లేడు, ధర మాత్రం పెరిగిపోతోంది. ఆ అమ్మాయి కంగారుగా తీగలు పీకుతోంది. మా ఆయన భుజాలు ఊగిపోతున్నాయి. నొప్పేమోనని పరిగెత్తాను. నవ్వుతున్నాడు. మెడ కన్నంలోంచి గాలి ఈల వేస్తోంది. ఆపరేషన్ అయ్యాక ఆయన నవ్వింది అప్పుడే.

ఆ తర్వాత చేసింది నిలిచింది. కన్నాల బోర్డు మీద టిక్కుమనే చిన్న స్విచ్చులు అతికించింది ఆ పిల్ల. స్విచ్చు శనగ్గింజంత ఉంటుంది, ఒక్కోటీ అగ్గిపెట్టె కంటే చవక. వాటి మీద సైకిల్ ట్యూబు కోసి పరిచి, నాలుగు పక్కలా బిగించి జిగురు పెట్టాం. నీళ్లు దిగే సందు లేదు. ట్యూబు మీద, సరిగ్గా స్విచ్చుల నెత్తిన, నీళ్ల సీసా మూతలు బోర్లా అంటించాం. మూత వేలికి ఆనుతుంది, రబ్బరు కింద టిక్కుమన్నది వేలికి తెలుస్తుంది. తెంపే మీటకి మాత్రం కొబ్బరినూనె డబ్బా మూత, చేత్తో తడిమినా తేడా తెలియాలని. చేపల జిగురు పూసి, ఐసు నీళ్లలో ముంచి, ఉప్పు చల్లి నొక్కించాను. పలికింది. తువ్వాలు కప్పి, కళ్లు మూసుకుని నొక్కాడు. పలికింది.

ఓనరుకి చూపించాం. ఆయన ఆశ్చర్యపోయి అటూ ఇటూ తిప్పి చూశాడు. పెద్ద స్పీకరు తనే కొనిపెడతానన్నాడు. "బాగుంది గానీ, ఏ మూత ఏంటో పైన రాసి ఉంచండి. మనిషన్నాక మర్చిపోవడం ఉంటుంది" అన్నాడు. మా ఆయన నాకక్కర్లేదని చెయ్యి ఊపాడు. ఓనరు నా వైపు తిరిగి, "నువ్వు చదువు నేర్చుకుంటున్నావుటగా, నువ్వే రాయమ్మా" అన్నాడు.

రాశాను. తెల్ల పెయింటు, సన్న బ్రష్షు. పది, ఇరవై, యాభై, వంద, మొదలు, వెనక్కి, తెంపు. ఎకసెక్కాల మూతల మీద "నవ్వు" అని రాశాను. ఆరాక మసకపోకుండా నెయిల్ పాలిష్ పూశాను. పాస్టరమ్మగారికి తీసుకెళ్లి చూపిస్తే గుణింతం ఒక్కటీ తప్పు లేదన్నారు. అప్పటిదాకా నా రాత పలక దాటి బయటికి రాలేదు.

మా ఆయన మళ్లీ స్టూలెక్కిన రోజు మార్కెట్లో పని ఆగిపోయింది. మెడకి గుడ్డ, పొట్టకి తాడుతో కట్టుకున్న పెట్టె, వెనక స్పీకరు. మొదటి ట్రే బొచ్చె చేపలు. మూత నొక్కగానే ఆ గొంతు, జబ్బుకి ముందు గొంతు, రేకుల కప్పు కింద మోగింది. చిల్లర బేరగాళ్లలో ఒకావిడ కళ్లొత్తుకుంది. ఒకాయన "బావా, పెట్టెలో కూచున్నా నీ పొగరు తగ్గలేదయ్యా" అన్నాడు. మా ఆయన వెంటనే నవ్వు మూత నొక్కాడు. "చెయ్యెత్తు బావా, చంకలో చేపేమన్నా దాచావా?" జనం ఘొల్లుమన్నారు. ఆ రోజు సరుకు ఎప్పుడూ లేనంత గబగబా తెగింది. ఆ అమ్మాయికి కాలేజీలో ప్రైజు వచ్చింది. మాకు ఎండాకాలం వెళ్లే దాకా సంతోషం మిగిలింది.

వానలకి మెడ కన్నం దగ్గర చీము పట్టి జ్వరం వచ్చింది. ఓనరు హమాలీని పంపించాడు. "పెట్టె ఇయ్యమన్నారక్కా, మీ ఆయన లేచేదాకా పని గడవాలి కదా" అన్నాడు. ఇచ్చాం. మా ఆయనే స్పీకరు తీగ ఎలా పెట్టాలో చేత్తో చూపించి మరీ ఇచ్చాడు.

జ్వరం తగ్గాక తెల్లారగట్లే తయారై వెళ్లాడు. నేను సరుకు చూసుకుంటున్నాను. స్టూలు మీద ఓనరు బావమరిది ఉన్నాడు. పెట్టె వాడి పొట్ట మీద ఉంది. మా ఆయన కింద నిలబడి చేతులు చాచాడు. బావమరిది ఓనరు వైపు చూశాడు.

ఓనరు వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యేశాడు. "ఈ ఐసు గాలి నీకు పడదురా. డాక్టరు కూడా అదే అన్నాడటగా. ఇంటి దగ్గర ఉండు. తూకం దగ్గర ఏదన్నా పని ఉంటే కబురు పెడతాలే."

మా ఆయన నోరు తెరిచాడు. నోట్లోంచి ఏం వస్తుంది? పెట్టె వాడి దగ్గరుంది. వెనక ట్రేలు ఆగిపోయాయని రైతులు అరుస్తున్నారు. బావమరిది మూత నొక్కాడు. మా ఆయన గొంతు మా ఆయన నెత్తి మీదుగా పాట ఎత్తుకుంది. ఆయన అలా వింటూ నిలబడి, తర్వాత గేటు వైపు నడిచాడు.

నేను వెనకాలే పోలేదు. పోతే ఆ రోజు బేసిన్ ఖాళీ. ఉండిపోయాను.

ఆ తర్వాత రోజూ అదే. నా మొగుడు ఇంట్లో గోడకి చేరబడి కూచుంటాడు. నేను మార్కెట్లో అదే గొంతు ముందు చెయ్యెత్తుతాను. అది నా మీద ధర పెంచుతుంది. ఒకరోజు శీలావతి ట్రే దగ్గర ఆగాను. ధర నాకు కష్టంగా ఉంది, ఆలోచిస్తున్నాను. స్టూలు మీదివాడు నా వైపు చూసి నవ్వు మూత నొక్కాడు.

"శీలావతి నిన్ను చూసి సిగ్గుపడుతోంది, ఇంకో పది వేస్తే తలెత్తుద్ది!"

అందరూ నా వైపు తిరిగి నవ్వారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఆ మాటకి నవ్వడం వాళ్లకి ఏళ్ల తరబడి అలవాటు. ముప్పై ఏళ్ల కాపురంలో, అంత నోరున్న మనిషి, ఆ స్టూలు మీద నిలబడి నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అనిపించారు.

నేను ట్రే దాటుకుని ఓనరు గల్లా దగ్గరికి వెళ్లాను. "ఓనరు గారూ, ఆ గొంతు మా ఆయనది."

"కాదన్నానామ్మా? కొట్టు నాది, స్పీకరు నాది, గొంతు మీ ఆయనది. నెలకింత అని ఏదో ఒకటి పంపిస్తాలే."

"డబ్బుల మాట కాదండీ. పనిచేసేది ఆయన పెట్టె. ఆయన్ని స్టూలెక్కించండి. లేదంటే ఆ గొంతుతో పాడించకండి."

"ఆయన మెడకి కన్నం ఉంది. ఇక్కడ పడిపోయాడనుకో, నువ్వే నా గుమ్మం ముందు కూచుంటావు. అంత రిస్కు నేను తీసుకోలేను."

బావమరిది స్టూలు మీంచే అందుకున్నాడు. "ఎవరు నొక్కితే ఏముందక్కా? నువ్వే కదా అంత చక్కగా రాసిపెట్టావు. చంటిపిల్లాడైనా నొక్కుతాడు."

నేను మూతల మీది నా రాత వైపు చూశాను. ఓనరు నా మొహం చూసి, "సరేలేమ్మా. నీకంత కష్టంగా ఉంటే ఆ గొంతు తీయించేస్తాలే" అన్నాడు. దారి పొడవునా ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాను. గొంతు తీస్తే పెట్టె ఉత్త డబ్బా. పని జరగాలంటే మనిషి కావాలి, మనిషి కావాలంటే మళ్లీ మా ఇంటికే రావాలి. ఆ రోజు బేరం కూడా బాగా సాగింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన గడ్డం గీసుకున్నాడు.

తర్వాతి వారం మార్కెట్‌కి వెళ్తే పెట్టె అక్కడే ఉంది. అవే మూతలు, అదే ట్యూబు, నా రాతే. నొక్కితే బావమరిది గొంతు వచ్చింది. ముక్కుతో మాట్లాడే గొంతు. వాడే స్టూలు మీద నిలబడి, వాడి గొంతే పెట్టెలోంచి. సొంత నోరు ఉన్నవాడు అది తెరిచి పాడొచ్చు కదా? రోజుకి అన్ని ట్రేలకి అరిస్తే గొంతు పాడవుతుందిట. మా ఆయన సంగతి చూశాక భయమేసిందిట.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మేడ మీది అమ్మాయి మా గుమ్మంలో నిలబడి ఉంది. అప్పటికి చదువు అయిపోయి గన్నవరం దగ్గర కంపెనీలో చేరింది, గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడింది.

"ఆంటీ, గొంతు మార్చింది నేనే. వాళ్లు ఫోన్ చేశారు. అంకుల్‌కి కూడా ఇష్టమే అన్నారు."

"నువ్వు మమ్మల్ని ఒక్క మాట అడగొచ్చు కదమ్మా. ఇన్నాళ్లూ ఇదే ఇంట్లో ఉన్నదానివి."

"అడగాలనే అనుకున్నాను." చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "నేను చేయనంటే ఇంకెవరితోనైనా చేయిస్తారు. అది పెద్ద పని కాదాంటీ, గంటలో అయిపోతుంది. అంకుల్ గొంతు నా దగ్గర కాపీ ఉంది. మీ ఫోన్లో వేసిస్తాను."

మా ఆయన లోపల్నించి అన్నీ విన్నాడు. పలక మీద రాసి తెచ్చి ఆ పిల్లకి చూపించాడు. నేను వంగి చదివాను. "యాభై మూత గట్టిగా పడేది. సరిచేశావా?"

ఆ పిల్ల ఏడ్చింది. నాకు జాలి వేయలేదు. మంచి పిల్ల, అది నిజమే. పెట్టెకి మనసు పెట్టింది, మా ఆయన వేళ్లకి సరిపోయేదాకా మూడుసార్లు విప్పి కట్టింది. విప్పి మళ్లీ ఇంకొకడికి కట్టివ్వడం కూడా దానికి అంతే తేలిక. టీ ఇచ్చాను. తాగి వెళ్లింది. గొంతు నా ఫోన్లోకి వచ్చింది. మా ఆయన దాన్ని వినలేదు. వినమని నేనూ అనలేదు. ట్రేలు లేవు, చేతులు లేచేవాళ్లు లేరు. ఊరికే ఇంట్లో కూచుని ఒకటోసారి, రెండోసారి అని విని ఏం చేస్తాం?

మార్కెట్లో ఇప్పుడు తప్పు నాదే. "ఆ పాత గొంతుకి ఊపుండేదక్కా, పనిగట్టుకుని తీయించేశావు. ఈ ముక్కుగాడి పాట వినలేక చస్తున్నాం" అని నాతో పాటు కొనే ఆడవాళ్లే అంటారు. రైతులు ధర రావట్లేదని గొణుగుతారు. ఓనరు నన్ను చూపించి, "ఆవిడకి ఇష్టం లేదయ్యా, నేనేం చేసేది" అంటాడు. మనిషిని దింపేసిన సంగతి ఎవరూ ఎత్తరు. గొంతు పోయిన సంగతే అందరికీ గుర్తు. మొదట్లో ఒకరిద్దరికి వివరం చెప్పబోయాను. వాళ్లు వింటూనే తర్వాతి ట్రేకి చెయ్యెత్తారు. మానేశాను.

వేరే మార్కెట్‌కి పోవచ్చు కదా అన్నారు పాస్టరమ్మగారు. అక్కణ్ణించి పటమట చేరేసరికి పొద్దెక్కుతుంది, చేప మెత్తబడుతుంది. నా వాడుకలు గుమ్మాల్లో కాచుకుని ఉండరు. అందుకని ఈ మార్కెట్‌కే పోతాను. ఆ స్టూలు కిందే నిలబడతాను. నా చెయ్యి లేస్తే వాడు పది నొక్కుతాడు, తగ్గితే తెంపు నొక్కుతాడు. నా అక్షరాలు వాడి వేళ్ల కింద అరిగి "యాభై"లో సగమే మిగిలింది. వాడు అడిగాడు, మళ్లీ రాసిపెట్టమని. విననట్టు బేసిన్ ఎత్తుకున్నాను.

బేరం ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉంటాడు. కాళ్లు కడుక్కోనివ్వడు. చేత్తో అడుగుతాడు, ఇవాళ బొచ్చె ఎంతకి తెగింది, శీలావతి ఎంతకి, సముద్రపు సరుకు ఎన్ని ట్రేలు. చెప్తాను. వింటూ తల అడ్డంగా ఊపుతాడు. తర్వాత గాల్లో వేళ్లు ఆడిస్తాడు, పది, మళ్లీ పది, ఆగి యాభై. తనయితే ఎంతదాకా తీసుకెళ్లేవాడో నాకు చూపిస్తాడు. బొటనవేలు మూడుసార్లు కిందికి దించి, తెగింది అన్నట్టు నా మొహంలోకి చూస్తాడు. నేను "అవును, నువ్వయితే అంత వచ్చేది" అంటాను. అనకపోతే అన్నం తినడు.